పదిమంది కలిసి ఒక కోర్సు రాయడం: సరిహద్దు జిల్లాల డిగ్రీ అధ్యాపకులకు

ఆంధ్ర సరిహద్దున ఉన్న ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల కళాశాలల్లో తెలుగు బోధించేవారికీ, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ కళాశాలలో చరిత్రో కామర్సో ఇంగ్లీషో చెప్పేవారికీ ఏదో ఒక సంవత్సరం కొత్త కోర్సుకు సిలబస్ రాసే పని తప్పదు. ఆ పని మామూలుగా ఎలా జరుగుతుందో అందరికీ తెలిసిందే. విభాగాధిపతి జూనియర్ అధ్యాపకుణ్ణి పిలిచి, "బాబూ, సోమవారానికి నాలుగు యూనిట్లు రాసి పట్టుకురా" అంటారు. ఆయన వేరే విశ్వవిద్యాలయం సిలబస్ తెచ్చి, యూనిట్ల క్రమం మార్చి, రెండు పుస్తకాల పేర్లు చేర్చి ఇస్తాడు. సిలబస్‌ను ఆమోదించే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశంలో టీ వచ్చేలోగా సంతకాలు అయిపోతాయి, మినిట్స్‌లో మాత్రం "సుదీర్ఘంగా చర్చించిన మీదట ఆమోదించడమైనది" అని ఉంటుంది.

సిలబస్ కలిసి రాయడం అంటే సంతకాల సంఖ్య పెంచడమని చాలామంది అనుకుంటారు. నా అభిప్రాయంలో అసలు విషయం వేళలో ఉంది. చివర సంతకానికి పిలిచేవారిని మొదటి కాగితం మీద మొదటి అక్షరం పడకముందే పిలవాలి, పిలిచిన ప్రతి ఒక్కరినీ వారికి స్వయంగా తెలిసినదే అడగాలి. ఈ రెండూ ఎలా చేయాలో ఇక్కడ ఒక ఉదాహరణతో వివరిస్తాను. ఉదాహరణగా తీసుకున్నది తెలుగు–ఒడియా పత్రాల అనువాదం మీద 3 క్రెడిట్ల నైపుణ్య కోర్సు. బరంపురం, పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వంటి చోట్ల ప్లస్ త్రీ (మూడేళ్ల డిగ్రీ) చదివే పిల్లలకు అక్కరకు వచ్చే కోర్సు కనుక దీన్ని ఎంచుకున్నాను. వేరే ఏ కోర్సుకైనా పద్ధతి ఇదే.

ముందుగా చోటు ఎంత ఉందో చూసుకోవాలి

విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న కళాశాల తన ప్రధాన కోర్సుల సిలబస్‌ను తానుగా మార్చుకోలేదు. స్వయంప్రతిపత్తి ఉన్న కళాశాలకు సొంత బోర్డ్ ఆఫ్ స్టడీస్, సొంత అకడమిక్ కౌన్సిల్ ఉంటాయి గనుక చాలా స్వేచ్ఛ ఉంటుంది. పర్లాకిమిడిలోని శ్రీకృష్ణచంద్ర గజపతి కళాశాల అటువంటిదే. అనుబంధ కళాశాలవారు నిరాశపడనక్కరలేదు. తమ ప్రతిపాదనను విశ్వవిద్యాలయ బోర్డుకు పంపుకోవచ్చు, మంజూరైన సిలబస్ లోపలే ప్రాక్టికల్ పనులను, ఇంటర్నల్ అసైన్‌మెంట్లను, ప్రాజెక్టులను తమ ప్రాంతానికి తగినట్టు తీర్చుకోవచ్చు. తమకున్న అధికారం ఎంతో తెలియకుండా మొదలుపెట్టిన బృందాలు రెండో సమావేశానికే నీరుగారిపోతాయి, అందుకే ప్రిన్సిపాల్ దగ్గరనుంచి ఈ విషయం మీద ఒక పేజీ రాతపూర్వకంగా తీసుకున్నాకే మిగతావారికి కబురు పెట్టాలి.

లెక్క కూడా మొదటే తెలిసి ఉండాలి. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2022 డిసెంబరులో ప్రకటించిన పాఠ్యప్రణాళిక, క్రెడిట్ల చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160 క్రెడిట్లు ఉండాలి. అందులో నైపుణ్య కోర్సులకు కేటాయించినవి 9, బహుళ విషయ కోర్సులకు 9, భాషా సామర్థ్య కోర్సులకు 8. తరగతిలో చెప్పే పాఠానికి ఒక క్రెడిట్ అంటే సెమిస్టర్‌లో 15 గంటలు, ప్రాక్టికల్‌కు అయితే 30 గంటలు. మన ఉదాహరణ కోర్సులో 2 క్రెడిట్లు పాఠానికి, 1 క్రెడిట్ ప్రాక్టికల్‌కు అనుకుంటే మొత్తం 60 గంటలు, వారానికి నాలుగు గంటల చొప్పున 15 వారాలు. ఈ అంకెను మొదటి సమావేశంలో బోర్డు మీద పెద్దగా రాసి చివరిదాకా చెరపకుండా ఉంచితే, "ఇది కూడా చేర్చండి" అన్న ప్రతి మాటకూ "ఏది తీసేద్దాం?" అన్న ప్రశ్న దానంతట అదే వస్తుంది.

ఎవరిని పిలవాలి

స్వయంప్రతిపత్తి కళాశాల బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ఎవరుండాలో యూజీసీ నిబంధనలే చెబుతున్నాయి. విభాగాధిపతి అధ్యక్షులు, విభాగంలోని అధ్యాపకులు సభ్యులు. వీరికి తోడు అకడమిక్ కౌన్సిల్ నియమించే బయటి విషయ నిపుణులు ఇద్దరు, ప్రిన్సిపాల్ ఇచ్చిన ఆరుగురి జాబితా నుంచి వైస్ ఛాన్సలర్ ఎంపిక చేసే నిపుణులు ఒకరు, పరిశ్రమ లేదా ఉద్యోగ రంగం నుంచి ఒకరు, పీజీ చదివిన ప్రతిభావంతులైన పూర్వ విద్యార్థి ఒకరు ఉంటారు. అంటే చట్టబద్ధమైన బోర్డులోనే బయటి గొంతులకు చోటుంది. ఆ చోట్లను ఊరి పెద్దమనుషులతో మర్యాదకు నింపడం వల్లే వాటికి విలువ లేకుండా పోయింది.

బోర్డు కాక పని చేసే బృందం ఒకటి వేరుగా ఉండాలి. ఎనిమిది నుంచి పన్నెండు మంది చాలు, అంతకు మించితే సమావేశం సభ అవుతుంది. మన కోర్సుకైతే తెలుగు, ఒడియా అధ్యాపకులు చెరొకరు, చరిత్ర లేదా రాజనీతి శాస్త్రం నుంచి ఒకరు, ప్లస్ టూ స్థాయిలో బోధించే ఉపాధ్యాయులు ఒకరు, దస్తావేజు లేఖరి ఒకరు, రోగులకూ డాక్టర్లకూ మధ్య భాష అందించిన అనుభవమున్న ఆసుపత్రి ఉద్యోగి ఒకరు, బ్యాంకు ఉద్యోగి ఒకరు, చదువుతున్న విద్యార్థులు ఇద్దరు, చదువు ముగించి పనిలో ఉన్నవారు ఒకరు. శ్రీకాకుళం వైపు డిగ్రీ కళాశాల నుంచి ఒక తెలుగు అధ్యాపకుణ్ణి కూడా పిలిస్తే మంచిది. ఇచ్ఛాపురం నుంచి బరంపురానికి రైలులో రావడం పెద్ద పని కాదు. అవతలి గట్టు మనిషికి మన పిల్లల తెలుగులో మనకు అలవాటైపోయి కనిపించని సంగతులు కనిపిస్తాయి.

లేఖరికీ ఆసుపత్రి ఉద్యోగికీ ఒక పూట రావడమంటే ఒక పూట సంపాదన పోవడం. బయటి ప్రొఫెసరుకు ఇచ్చే దారిఖర్చు, సిట్టింగ్ ఫీజు వారికీ ఇవ్వాలి, ఆహ్వానపత్రం మీద వారి పేరుకు 'గారు' చేర్చాలి, కుర్చీ వేసేటప్పుడు వెనక వరుసలో వేయకూడదు. చెప్పుకోవడానికి చిన్న సంగతే గాని, వెనక కూర్చున్నవారు నోరు తెరవరు.

విద్యార్థులను పిలవడం మీద చాలామంది పెద్దలకు అనుమానం ఉంటుంది. ఏం చదవాలో వాళ్లకేం తెలుస్తుంది అంటారు. ఏం చదవాలో అడగవద్దు. ఎక్కడ ఆగిపోతున్నారో అడగాలి, అది వారికి తప్ప మరెవరికీ తెలియదు.

సమావేశానికి ముందు పంపే ప్రశ్నలు

ఈ జిల్లాల తరగతి గదిలో ఒకే బెంచీ మీద మూడు రకాల పిల్లలు కూర్చుంటారు. తెలుగు మాధ్యమ పాఠశాలలో చదివి తెలుగు బాగా రాయగలిగినవారు కొందరు. ఇంట్లో తెలుగే మాట్లాడుతూ, చదువంతా ఒడియాలోనో ఇంగ్లీషులోనో సాగి, తెలుగు అక్షరాలు కూడబలుక్కునేవారు మరికొందరు, వీరి సంఖ్యే ఎక్కువ. ఇంటిభాష ఒడియాయో, గిరిజన భాష సవరో అయి, బజారు తెలుగు మాత్రం వచ్చినవారు మూడోరకం. "మీకు తెలుగు వచ్చా?" అని అడిగితే ముగ్గురూ చెయ్యెత్తుతారు, ఆ సమాధానం మనకు ఏ పనికీ రాదు.

కాబట్టి ప్రశ్న ఒక జరిగిన పనిని పట్టుకుని ఉండాలి. "ఈ ఆరు నెలల్లో ఇంట్లోవాళ్ల కోసం ఏ కాగితం చదివిపెట్టారు? అది ఏ భాషలో ఉంది? ఏ వాక్యం దగ్గర ఆగిపోయారు? అప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లారు?" ఈ నాలుగు ప్రశ్నలు ఒక పేజీ మీద అచ్చువేసి ఇచ్చి, జవాబు ఏ లిపిలో రాసినా పరవాలేదని చెప్పాలి. తెలుగు మాటలను ఒడియా అక్షరాల్లోనో ఇంగ్లీషు అక్షరాల్లోనో రాసి ఇచ్చిన కాగితాలు వస్తాయి. అవి చూసి నొచ్చుకోనవసరం లేదు, మొదటి యూనిట్‌లో లిపికి ఎన్ని గంటలు కావాలో లెక్క కట్టేది వాటితోనే.

అధ్యాపకులకు వేరే ప్రశ్నలు పంపాలి. మీరు చెప్పే పాఠంలో పిల్లలు పరీక్ష అయిన ఏడాదికి కూడా మరచిపోనిది ఏది, మీరే ఏటా హడావిడిగా దాటవేసేది ఏది అని అడగాలి. రెండో దానికి నిజం చెప్పేవారు తక్కువే, అయినా అడగాలి. పని చేసేవారికి మూడోరకం ప్రశ్న: కొత్తగా చేరిన కుర్రాడు మొదటి నెలలో మీ దగ్గర ఏ తప్పులు చేస్తాడు?

మొదటి సమావేశం

వృత్తి విద్యలో డేకమ్ అనే పద్ధతి ఉంది, 1960లలో కెనడాలో పుట్టింది. ఒక పనిని బాగా చేసేవారు ఐదుగురి నుంచి పన్నెండుగురిని రెండు రోజులు కూర్చోబెట్టి, ఆ పనిలోని బాధ్యతలను, వాటి కిందికి వచ్చే చిన్న చిన్న పనులను చీటీల మీద రాసి గోడకు అంటించి, అందరూ ఒప్పుకునే పటంగా పేర్చడం దాని సారం. పని గురించి చెప్పడానికి ఆ పని చేసేవారిని మించినవారు లేరన్నది దాని మూలసూత్రం. విశ్వవిద్యాలయ కోర్సుకు దాన్ని ఉన్నదున్నట్టు వాడితే చదువు కాస్తా శిక్షణ తరగతి అయిపోతుంది. సాహిత్యం, చరిత్ర, ఆలోచన చీటీల మీద పట్టవు. అయినా మొదటి పూటకు దీన్ని మించిన పద్ధతి నేను చూడలేదు.

ఆ పూట గదిలో అధ్యాపకులు వినాలి, పని చేసేవారు మాట్లాడాలి. దస్తావేజు లేఖరిని అడిగే తీరు ఇలా ఉంటే మేలు.

"పంతులుగారూ, తెలుగు దస్తావేజు ఒకటి ఒడియాలోకి రాయాలని తెచ్చారనుకోండి. కాగితం చేతిలోకి తీసుకోగానే ముందు ఏం చూస్తారు?"

"ముందు పేర్లు చూస్తాను సార్. మనవాళ్లకు ఇంటిపేరు ముందుంటుంది. ఇక్కడి బడి సర్టిఫికెట్‌లో అది చివరికి పోతుంది, లేకపోతే అసలు రాదు, దాని బదులు రావో రెడ్డో వస్తుంది. తాత దస్తావేజులో ఒక పేరు, తండ్రి ఓటరు కార్డులో ఒక పేరు, పిల్లాడి మెట్రిక్ సర్టిఫికెట్‌లో ఇంకో పేరు. ముగ్గురూ ఒకే ఇంటివాళ్లని కాగితం చెప్పదు. ఆ తర్వాత హద్దులు, ఆ తర్వాత కొలత."

"కొలతలో కష్టమేముంది?"

"సెంట్లు డెసిమిల్ అయితే బాధ లేదు, రెండూ ఎకరంలో నూరోవంతే, అంకె మారదు. పాత కాగితాల్లో గింజల కొలతతో నేల చెబుతారు, అది ఊరికో తీరుగా ఉంటుంది. కుర్రాళ్లు దాన్ని ఎకరాల్లోకి మార్చేస్తారు. మార్చకూడదండి, ఉన్న మాట ఉన్నట్టే రాయాలి. మార్చామంటే అది మన మాట అవుతుంది, కాగితం మాట కాదు."

ఇది వినకుండా రాసిన అనువాద సిలబస్‌లో 'అనువాదం: నిర్వచనం, స్వరూపం, రకాలు' అని మొదటి యూనిట్ ఉంటుంది. విన్న తరువాత రాసినదానిలో పేర్లు, హద్దులు, కొలతలకు ప్రత్యేకంగా గంటలు పడతాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేవరకు ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది గనుక పాత తెలుగు కాగితాలు ఇళ్లల్లో పెట్టెల అడుగున ఇప్పటికీ దొరుకుతాయి. వాటిని చదవగలిగే కొత్త తరం తయారు కావడం చరిత్ర అధ్యాపకుడికి కూడా కావలసిన విషయమే. ఒక లేఖరి చెప్పిన మాట చరిత్ర పాఠానికి ఎక్కడ అతుకుతుందో చూపించే బాధ్యత అధ్యాపకులది.

సమావేశం నడిపేవారు పాటించవలసినవి కొన్ని ఉన్నాయి. మాట మొదలుకాకముందు అందరూ పది నిమిషాలు మౌనంగా తమ చీటీలు రాసుకోవాలి. రాయలేనివారి పక్కన విద్యార్థి కూర్చుని వారు చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టాలి. చదవడం అందరికంటే చిన్నవారితో మొదలుపెట్టి, విభాగాధిపతితో ముగించాలి. పెద్దాయన ముందు మాట్లాడితే గెస్ట్ ఫ్యాకల్టీ అంతా "సార్ చెప్పిందే" అంటారు, మన మర్యాదలు అటువంటివి, వాటిని మార్చడం కంటే వరుస మార్చడం సులువు. గదిలో తెలుగు, ఒడియా, ఇంగ్లీషు కలగలిసి నడుస్తాయి, నడవనివ్వాలి. రాసేవారు మాత్రం ఎవరు ఏ భాషలో అన్నారో ఆ భాషలోనే రాయాలి, శుద్ధి చేయకూడదు. అధ్యక్షత వహించేవారు, రాసేవారు, గడియారం చూసేవారు ముగ్గురూ వేరువేరు మనుషులైతే సమావేశం సాఫీగా సాగుతుంది.

ఫలితాలను వాక్యాలుగా మలచడం

గోడ మీది చీటీలు పేర్చాక వాటిని అభ్యసన ఫలితాలుగా మార్చాలి. ఇది పదిమంది చేసే పని కాదు. ఇద్దరు లేదా ముగ్గురు కూర్చుని చిత్తుప్రతి రాసి మిగతావారికి పంపాలి. పన్నెండు మంది కలిసి ఒక వాక్యం రాస్తే అందులో క్రియ ఉండదు, విశేషణాలు మాత్రం మిగులుతాయి.

'విద్యార్థికి అనువాదంపై అవగాహన కలుగుతుంది' అన్న వాక్యాన్ని తీసుకోండి. అవగాహన కలిగిందో లేదో ఏ పరీక్షలోనూ తేలదు. దాని స్థానంలో 'ఒక పేజీ తెలుగు దస్తావేజును చదివి, అందులోని వ్యక్తులను, హద్దులను, కొలతలను పట్టికగా రాసి, మూలంలోని కొలతలను మార్చకుండా ఒడియాలోకి అనువదించగలుగుతారు' అని రాస్తే, ఏం చెప్పాలో, ఏం అభ్యాసం చేయించాలో, ఏం అడగాలో ఆ వాక్యంలోనే ఉంది. ఫలితం, బోధన, పరీక్ష ఈ మూడూ ఒకే దారిన నడవాలని ఆస్ట్రేలియా విద్యావేత్త జాన్ బిగ్స్ 1990లలో విస్తారంగా చెప్పారు. బెంజమిన్ బ్లూమ్ బృందం 1956లో వేసిన మెట్లు, 2001లో సవరించిన రూపంలో గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం, వినియోగించడం, విశ్లేషించడం, మదింపు చేయడం, సృష్టించడం అనే ఆరు. సిలబస్ ఫారాల్లో ఈ ఆరింటికీ గళ్లు ఉంటాయి కాబట్టి అన్నీ నింపాలని తాపత్రయపడతారు. 60 గంటల కోర్సుకు ఐదు ఫలితాలు చాలు, అందులో అట్టడుగు మెట్టు మీద ఒకటి కంటే ఎక్కువ ఉండకూడదు. పై మెట్టును పేరుకు రాసి పరీక్షలో 'నిర్వచించుము' అని అడిగే పనైతే ఆ గడి ఖాళీగా వదిలేయడమే నయం.

ఒక్కో ఫలితాన్ని చిత్తుప్రతి మీద రాశాక దాని ఎదురుగా, అది గోడ మీది ఏ చీటీ నుంచి వచ్చిందో రాయాలి. ఏ చీటీకీ చెందని ఫలితం ఉంటే అది పాత సిలబస్ నుంచి జారిపడిందని అర్థం. ఏ ఫలితానికీ చేరని చీటీ ఉంటే ఆ చీటీ రాసినవారికి కారణం చెప్పాలి. రెండో పని చేయని బృందాలను బయటివారు మళ్లీ నమ్మరు.

గంటల పంపకం

లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఏబీసీ అనే పద్ధతి ఒకటి రూపొందించారు. తొంభై నిమిషాల్లో ఒక కోర్సు నడకను కార్డులతో బల్ల మీద పరచడం అందులో జరుగుతుంది. కార్డులు ఆరు రకాలు: విని చదివి గ్రహించడం, శోధించడం, అభ్యసించడం, చర్చించడం, కలిసి పనిచేయడం, ఏదైనా తయారుచేయడం. వారం వారం ఏ కార్డు పడుతుందో బల్ల మీద పేర్చి చూస్తే, 'గ్రహించడం' కార్డులే వరుసగా పది పడిన చోటు కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దీనికి యంత్రాలు, సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కరలేదు, ఆరు రంగుల చార్టు కాగితం, కత్తెర ఉంటే చాలు. ఈ పనికి రెండో సమావేశంలో మధ్యాహ్నం పూట కేటాయించి విద్యార్థుల చేతికే కార్డులు ఇవ్వాలి.

మన కోర్సులో 30 పాఠపు గంటలను ఇలా పంచవచ్చు. లిపి, వర్ణక్రమాలకు 6, రెండు భాషల వాక్యనిర్మాణానికి 8, పత్రాల రకాలకు, వాటి పదజాలానికి 10, విద్యార్థుల అనువాదాలను తరగతిలో కలిసి విమర్శించుకోవడానికి 6. ప్రాక్టికల్ 30 గంటల్లో పాత దస్తావేజులు చదవడానికి 8, దరఖాస్తులు, ధ్రువపత్రాల అనువాదానికి 12, బ్యాంకు, ఆసుపత్రి కౌంటర్ల దగ్గర జరిగేలాంటి మౌఖిక అనువాదానికి 6, మూడు నెలల పనిని ఒక సంపుటిగా కూర్చడానికి 4. లిపికి 6 గంటలు తెలుగు బాగా వచ్చినవారికి వృథా అని అభ్యంతరం వస్తుంది, న్యాయమైన అభ్యంతరమే. ఆ ఆరు గంటల్లో వారిని రెండోరకం పిల్లలకు జతగా వేసి, ఒడియా లిపి బాగా వచ్చిన జతగాడి దగ్గర వీరు ఒడియా రాత దిద్దుకునేలా చేస్తే ఇద్దరికీ పని దొరుకుతుంది.

భేదాలు వచ్చినప్పుడు

తగాదా రాకపోతే ఎవరో మొహమాటపడుతున్నారని గ్రహించాలి. ఇక్కడ తగాదాలు సాధారణంగా రెండు విషయాల మీద వస్తాయి.

మొదటిది ఏ తెలుగు అన్నది. అవతలి గట్టు అధ్యాపకుడు పత్రికల తెలుగే ప్రమాణం అంటారు. మనవారు బరంపురం వీధుల్లో, గోపాల్‌పూర్ బెస్తవాడల్లో వినిపించే తెలుగుకు చోటు లేకపోతే పిల్లలకు కోర్సు పరాయిదవుతుందంటారు. నా లెక్కలో రాతపత్రానికి అందరికీ అర్థమయ్యే ప్రమాణ రూపం, మౌఖిక అనువాదానికి ఎదుటి మనిషి మాట్లాడే రూపం అని సిలబస్‌లోనే రాసేస్తే తగాదా సగం తీరుతుంది. వాడుక భాష కోసం జీవితాంతం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలోనే పాఠాలు చెప్పారు. సవర భాషను ఆ భాష మాట్లాడేవారి నుంచి ఏళ్ల తరబడి నేర్చుకుని, ఆ భాషలోనే పాఠ్యపుస్తకాలు తయారుచేసి, సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టించారు. పాఠం ఎవరికోసమో వారి దగ్గర కూర్చుని పాఠం రాయడం ఈ ఊళ్లకు కొత్త సంగతి కాదు.

రెండోది పనిగంటలు. ఇది ఎవరూ పైకి అనరు. కొత్త కోర్సు అంటే గంటలు, గంటలంటే పోస్టులు, గెస్ట్ ఫ్యాకల్టీకైతే వచ్చే ఏడాది అన్నం. తెలుగు విభాగానికి ఇన్ని గంటలు, ఒడియాకు ఇన్ని, చరిత్రకు ఇన్ని అన్నది మనసులో పెట్టుకుని, నోటితో మాత్రం 'విద్యా ప్రమాణాల' గురించి వాదిస్తారు. దీనికి మందు ఒకటే. విషయం మీద చర్చ మొదలుకాకముందే ప్రిన్సిపాల్ సమక్షంలో గంటల పంపకాన్ని తేల్చి, కాగితం మీద పెట్టి, పక్కన ఉంచేయాలి. ఈ ఒక్క పని చేయకుండా మిగతావన్నీ చేసినా బృందం నిలబడదు. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుపెట్టుకుంటానన్నవారికి నేను చెప్పేది ఇదే.

దూరంలో ఉన్న నిపుణుల అభిప్రాయం కావలసినప్పుడు, ముఖ్యంగా పెద్ద పేరున్నవారూ కొత్తవారూ ఒకే జాబితాలో ఉన్నప్పుడు, డెల్ఫీ పద్ధతి పనికొస్తుంది. అమెరికాలో ర్యాండ్ సంస్థ 1950లలో రూపొందించిన పద్ధతి ఇది. ప్రశ్నపత్రం అందరికీ విడివిడిగా పంపి, వచ్చిన జవాబులను పేర్లు లేకుండా క్రోడీకరించి, తిరిగి అందరికీ పంపి, "ఇవి చూశాక మీ అభిప్రాయం మారిందా?" అని అడగాలి. రెండు విడతల్లోనే ఏ అంశం మీద ఏకాభిప్రాయం ఉందో, ఏది ఒక్కరి పట్టుదలో తేటతెల్లమవుతుంది.

పరీక్షల విభాగం

సిలబస్ పూర్తయ్యాక పరీక్షల విభాగానికి పంపడం ఆనవాయితీ. సంపుటికి మార్కులు వేసే గడి తమ ఫారంలో లేదని వారు తిప్పి పంపడమూ ఆనవాయితీయే. కాబట్టి రెండో సమావేశానికే వారి ప్రతినిధిని పిలిచి, ఇంటర్నల్‌కు నిబంధనల ప్రకారం ఎన్ని మార్కులు వాడుకోవచ్చు, ప్రాక్టికల్‌కు బయటి పరీక్షకుడు తప్పనిసరా, ప్రశ్నపత్రంలో రెండు లిపులు అచ్చువేయగలరా అన్నవి అడిగి తెలుసుకోవాలి. దస్తావేజు లేఖరినో విశ్రాంత సబ్‌రిజిస్ట్రార్‌నో ప్రాక్టికల్ దిద్దేవారిలో ఒకరిగా పెట్టుకోవడానికి నిబంధన ఒప్పుకుంటే పెట్టుకోవాలి. ఒప్పుకోకపోతే సంపుటాల ప్రదర్శనకు అతిథిగా పిలిచి అభిప్రాయం రాయించుకోవాలి.

విద్యార్థులు వాడే పాత దస్తావేజులు ఎవరో ఒకరి ఆస్తి పత్రాలు. వాటి నకళ్లు తరగతికి తెచ్చేముందు యజమాని అనుమతి తీసుకుని, పేర్లు, సర్వే నంబర్లు తెల్లకాగితంతో కప్పి జిరాక్స్ తీయాలని సిలబస్‌లోనే ఒక వాక్యం ఉండాలి.

ఆమోదం, ఆ తరువాత

బోర్డ్ ఆఫ్ స్టడీస్ ముందుకు వెళ్లే ఫైల్‌లో సిలబస్ ఒక్కటే ఉంటే చాలదు. వచ్చిన చీటీల నకలు, విద్యార్థుల జవాబుల సారాంశం, ఫలితాలను చీటీలకు జతచేసిన పట్టిక, గంటల పంపకం మీద ప్రిన్సిపాల్ సంతకం చేసిన కాగితం, ఒప్పుకోని సలహాలు, వాటికి కారణాలు ఉన్న ఒక పేజీ జతపరచాలి. బయటి నిపుణులు ముందే చదవడానికి ఈ ఫైల్ సమావేశానికి వారం ముందు వారి చేతికి అందాలి. బోర్డు చేసిన మార్పులను బృందంలోని లేఖరితో సహా అందరికీ ఒక ఉత్తరంతో తెలపాలి. అకడమిక్ కౌన్సిల్ ఆమోదం వచ్చాక ముద్రించే ప్రతిలో బృందం పేర్లు వేస్తే, వారి అనుమతితో వేయాలి.

మొదటి సెమిస్టర్ నడుస్తున్నంతకాలం బోధించేవారు ప్రతి వారం రెండు అంకెలు రాసుకుంటే చాలు, ఈ అంశానికి అనుకున్న గంటలు ఎన్ని, పట్టినవి ఎన్ని. సెమిస్టర్ ముగిశాక ఆ కాగితాన్ని, పదిమంది విద్యార్థుల సంపుటాలను, ప్రశ్నపత్రాన్ని బల్ల మీద పెట్టుకుని బృందం ఒక పూట మళ్లీ కూర్చోవాలి. ప్రశ్నపత్రంలోని ప్రతి ప్రశ్న పక్కన అది ఏ ఫలితాన్ని పరీక్షిస్తోందో రాస్తూ పోతే, ఏ ప్రశ్నా తాకని ఫలితం ఒకటో రెండో బయటపడతాయి. వాటిని పరీక్షలోకి తేవాలా, సిలబస్ నుంచి తీసేయాలా అన్నది అప్పుడే తేల్చాలి.

రెండో ఏడాదికి బృందంలో మూడోవంతు మందిని మార్చి, కోర్సు చదివి బయటకు వెళ్లిన విద్యార్థులు ఇద్దరిని చేర్చుకోవాలి. చేసిన ప్రతి మార్పునూ తేదీతో, కారణంతో ఒక చిన్న రిజిస్టర్‌లో రాసి, ఒక ప్రతి విభాగం బీరువాలో, మరొకటి ప్రిన్సిపాల్ కార్యాలయంలో ఉంచాలి. విభాగాధిపతులు బదిలీ అయి కొత్తవారు వచ్చినప్పుడు లిపికి ఆరు గంటలు ఎందుకు ఇచ్చారో వారు ఆ రిజిస్టర్ తెరిచి చూసుకోగలగాలి.